ఐదు కన్నాలు

నంపులాలో మా అచ్చాఫీసుకి
వారం వారం కథలొస్తాయి.
నేను కథలు చదవను, అక్షరాలు చదువుతాను.
కామా జారిందా, చుక్క ఎక్కువైందా, అంతవరకే.
ముప్పై ఏళ్లుగా ఇదే కూడు.

ఆ వేళ వచ్చింది ఆతీజా బలాన్సా రాసిన కథ.
ఆరు పేజీలు. ఇంటిపేరు చూసి నవ్వుకున్నాను:
బలాన్సా అంటే వాళ్ల భాషలో త్రాసు.
వాళ్ల భాష అంటే, వచ్చి వెళ్లిపోయినవాళ్లది,
ఇప్పుడు నేను తప్పులు దిద్దేదీ ఆ భాషే.
పత్తి తూచే చోట నొప్పులొచ్చి కన్నదట ఒకామె.
పేరడిగే ఓపిక లేక, పట్టీ రాసేవాడు
ఎదురుగా ఏది వేలాడుతుంటే అదే రాసేశాడు.
మూడు తరాలుగా ఆ ఇంట
పెళ్లిపిలుపు మీదా త్రాసే, సమాధి మీదా త్రాసే.

కథలో దొర లేడు.
తుపాకీ లేదు, జెండా దిగడమూ లేదు.
మ్వానాసా అనే ముసలామె ఉంది.
మనవరాలినీ, దాని వీపున కపులానా గుడ్డలో బిడ్డనీ వెంటబెట్టుకుని
రిబావే దారిన ఆసుపత్రికి నడుస్తుంది.
మామిడి కొమ్మకి కొక్కెం, కొక్కేనికి సంచి,
సంచిలో కాళ్లు దూర్చి పిల్లల్ని తూస్తోంది నర్సు.
మంచి పిల్ల, ఇరవై రెండేళ్లుంటాయి.
ఏడవకుండా పాట కూడా పాడింది.
ముల్లు కదిలింది.

ముసలామె బిడ్డను లాగి మనవరాలి చంకన పడేసింది.
రెండడుగులు వెనక్కి వేసి
అరచేతులు రెండూ వెనక్కి దాచుకుంది.
"తక్కువొచ్చిందా దొరా?" అంది ఆ పిల్లని.
"వానలు. వచ్చే వారం నింపుకొస్తాను."
నర్సు కార్డులో బరువు గడి ఖాళీగా వదిలింది.
కథ అక్కడే ఆగిపోయింది.

ఆ త్రాసు పాత పత్తి కొట్టుదేమో,
ఆకుపచ్చ రంగు పూసి ఆసుపత్రికి ఇచ్చారేమో.
ఆమె రాయలేదు, నేననుకున్నాను.
నోట్ల మీద బొమ్మలు మారాయి గానీ
ఇనుముకి ఏ ప్రభుత్వమైనా ఒకటే.

సంపాదకుడు అంచున రాశాడు:
చేతులెందుకు దాచిందో చెప్పాలి కదా, ఒక పేరా చేర్చండి.
పేరా రాలేదు. ఒక్క వాక్యం వచ్చింది.
పత్తి తగ్గినవాళ్ల అరచేతుల కోసం
పిడి ఉన్న గుండ్రటి చెక్క ఒకటి ఉండేది, దానికి ఏడు కన్నాలు.

నా ఎర్ర కలం ఆగలేదు.
ఏడు కొట్టేసి ఐదు అని రాసింది.

సరైన దిద్దుబాటే.
నడుమ ఒకటి, చుట్టూ నాలుగు.
మా అమ్మ ఇప్పటికీ దాంతోనే బట్టలు బాదుతుంది
పెరట్లో రాతి పలక మీద.
చిన్నప్పుడు వంగి చూసేవాణ్ణి
కన్నాల్లోంచి సబ్బు నురగ ఉబికి రావడం.
ఒకటీ రెండూ నేర్చుకున్నది వాటి మీదే.
మీ తాతది, అనేది అమ్మ, చెదపట్టని చెక్క.
తాత కొట్టులో పట్టీ రాసేవాడు.
ముత్యాల్లాంటి చేతిరాతట.
నాకూ అదే వచ్చిందంటారు.

పత్రిక వెలువడ్డాక ఆతీజా మెట్లెక్కి వచ్చింది,
ఆ పేజీ మడిచి పట్టుకుని.
"అవ్వనడిగాను. అరచెయ్యి చాపి చాలాసేపు చూసుకుంది.
ఐదే, అంది. తప్పు నాదే.
మీకెలా తెలిసింది?"

అచ్చుతప్పనుకున్నాను, అన్నాను.

మంచిదని చెయ్యి చాపింది.
సిరా అంటుకుంటుందమ్మా అని
నా చెయ్యి ఇవ్వలేదు.
ఆ రోజు నేను సిరా ముట్టనేలేదు.

ఇంటికెళ్లేసరికి పెరట్లో చప్పుడు.
అమ్మా, రేపట్నుంచి నేనుతుకుతాలే, అన్నాను.
తల ఎత్తకుండానే అంది,
నీకు చేతకాదు, గట్టిగా కొట్టాలి.